బజ్జీకి ముందే చోటు: ఇష్టమైనవి తింటూ క్యాలరీల లెక్క నిలబెట్టుకోవడం ఎలా

క్యాలరీలు లెక్కపెట్టుకుని తినాలని నిర్ణయించుకున్నవారు చాలామంది మొదటిరోజే ఒక నిషేధాల జాబితా రాసుకుంటారు. బిర్యానీ, బజ్జీ, ఆవకాయ, నెయ్యి, మామిడిపండు అన్నీ అందులోకి చేరిపోతాయి. పుల్కాలు, చప్పిడి కూరలు, ఓట్స్ మాత్రమే మిగులుతాయి. కొన్ని వారాలు గడిచాక ఏదో ఒక శనివారం సాయంత్రం విశాఖ రామకృష్ణా బీచ్ దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీ వేగుతున్న వాసన తగలగానే ఆ జాబితా కొట్టుకుపోతుంది, దానితోపాటు లెక్కా పోతుంది. ఇందులో బజ్జీ తప్పేమీ లేదు. లెక్క వేసిన వరుసే తలకిందులైంది. జీతం రాగానే ఇంటి అద్దె తీసి పక్కన పెట్టినట్టు, ఇష్టమైన పదార్థాల వాటాను వారం మొదట్లోనే పక్కన పెట్టి, తక్కిన భోజనాన్ని దాని చుట్టూ అమర్చుకుంటే ఈ లెక్క నెలల తరబడి సాగుతుంది.

ముందుగా మీ అంకె

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, ఎక్కువసేపు కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2,110 కిలో క్యాలరీలు, అలాంటి పనే చేసే 55 కిలోల స్త్రీకి 1,660 కిలో క్యాలరీలు అవసరమవుతాయి. (మనం వాడుకలో క్యాలరీ అనేది ఈ కిలో క్యాలరీనే కనుక ఇకపై అలాగే రాస్తాను.) మీ బరువూ ఎత్తూ వేరైతే 1990 నుంచి వాడుకలో ఉన్న మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రంతో ఇంకొంచెం దగ్గరి అంచనా వేసుకోవచ్చు. కిలోల్లో బరువును 10తోనూ, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తోనూ గుణించి రెండింటినీ కలపాలి. అందులోంచి వయసును 5తో గుణించగా వచ్చినదాన్ని తీసివేయాలి. ఆపైన పురుషులు 5 కలుపుకోవాలి, స్త్రీలు 161 తీసివేయాలి. వచ్చిన అంకె పూర్తి విశ్రాంతిలో శరీరం ఖర్చుపెట్టే శక్తి. ఇంటిపని, ఆఫీసు పని, కాస్త నడక ఉన్నవారు దాన్ని 1.375తో గుణించుకోవాలి.

ఉదాహరణకు సీతమ్మధారలో ఉంటూ ద్వారకానగర్‌లో ఆఫీసుకు వెళ్లే 38 ఏళ్ల మహిళ బరువు 68 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు అనుకుందాం. విశ్రాంతి ఖర్చు సుమారు 1,317, రోజు మొత్తం ఖర్చు సుమారు 1,810 అవుతాయి. నెమ్మదిగా బరువు తగ్గాలంటే రోజుకు 300 తగ్గించి 1,500 పెట్టుకోవచ్చు. ఇక్కడ నా సలహా ఏమిటంటే, 1,500ను మరచిపోయి, ఏడు రోజులకు వచ్చే 10,500ను గుర్తుపెట్టుకోవాలి. మన ఇళ్లలో మంగళవారం భోజనం, ఆదివారం భోజనం ఎన్నడూ ఒకేలా ఉండవు. ఉండాలని పట్టుబట్టడంలోనే సగం తగవు మొదలవుతుంది.

ఈ పద్ధతి అందరికీ తగినది కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు బరువు తగ్గడానికి సొంతంగా లెక్కలు పెట్టుకోకూడదు. ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడుతున్నవారు తిండి తగ్గించేముందు వైద్యుణ్ణి అడగాలి, ఎందుకంటే మందు మోతాదు అలాగే ఉండి భోజనం తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిండి విషయంలో ఇంతకుముందు తీవ్రమైన భయమో, తిని కక్కుకునే అలవాటో ఉన్నవారు అంకెల జోలికి వెళ్లకపోవడమే క్షేమం. మిగిలినవారైనా వైద్యుల పర్యవేక్షణ లేకుండా రోజుకు 1,200కు దిగువన ఉండకూడదు.

ఏది తూచాలి, ఏది వదిలేయాలి

కంచంలోని ప్రతిదాన్నీ తూచాలనుకునేవారు పది రోజుల్లో విసిగిపోతారు. పిండి పదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు 4 క్యాలరీలు ఇస్తే కొవ్వు గ్రాముకు 9 ఇస్తుంది. కాబట్టి మన వంటలో తూచవలసినవి నాలుగు రకాలే: ఒకటి నూనె, నెయ్యి; రెండు అన్నం లేదా టిఫిన్ పిండి; మూడు పంచదార, బెల్లం; నాలుగు కొబ్బరి, వేరుశనగ, జీడిపప్పు. బీర, సొర, పొట్ల, వంకాయ, తోటకూర, పల్చటి మజ్జిగ, చారు లెక్కలోకి రాకపోయినా కొంప మునగదు. బీరకాయ కూరలో బీరకాయను తూచి, పోపు నూనెను కంటి అంచనాకు వదిలేసేవారిని చూస్తుంటాను. అది పూర్తిగా తిరగబడిన శ్రద్ధ.

నూనె సంగతి తేల్చుకోవడానికి రోజువారీ తూకం కన్నా నెలవారీ తనిఖీ మేలు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె ఖర్చయితే మనిషికి లీటరు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. 30 రోజులకు పంచితే రోజుకు 30 గ్రాములు, అంటే 270 క్యాలరీల పైమాట. జాతీయ పోషకాహార సంస్థ 2,000 క్యాలరీల రోజుకు చూపిన నమూనా పళ్లెంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములే ఉన్నాయి. 1,500 మీద నడిచేవారికి అది ఇంకా తగ్గాలి. ఇలా లెక్కవేస్తే ఎవరి కూరలో ఎంత నూనె పడిందన్న వాదన ఇంట్లో రాదు. కిరాణా చీటీయే చెప్పేస్తుంది. పోపు గిన్నెలోకి సీసాను వంచడం మానేసి 5 మిల్లీలీటర్ల కొలత చెంచా వాడితే చాలు: ఒక్కో చెంచా నూనె సుమారు 40, అదే చెంచాడు నెయ్యి కూడా దాదాపు అంతే.

అన్నం విషయంలో చిక్కు వేరు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది, అది ఉడికాక దాదాపు 400 గ్రాముల అన్నమవుతుంది. వండిన అన్నం 100 గ్రాములకు 130 క్యాలరీలు. మీ ఇంటి గరిటెతో ఒకసారి తూచి చూసుకుంటే ఇక తూకం అక్కర్లేదు, గరిటెలే లెక్క. అయితే మన భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకునేది కాదు. పప్పుకు కొంత, కూరకు కొంత, పులుసుకు కొంత, పెరుగుకు కొంత అంటూ నాలుగుసార్లు కలుపుకుంటాం, ప్రతిసారీ ఇంకాస్త పడుతుంది. అందుకని తినదలచిన అన్నమంతా మొదట్లోనే కంచంలో పెట్టుకుని, దాన్నే ఆ నాలుగింటికీ పంచుకోవాలి. ఈ ఒక్క మార్పు, ఏ పదార్థాన్నీ మానకుండానే, చాలామందికి పూటకు ఒక గరిటె అన్నం తగ్గిస్తుంది.

ఫోన్ యాప్‌లలో "ఒక దోస" అని కనిపించే అంకెను నేను పెద్దగా నమ్మను; ఎవరి పెనం మీద పోసిన దోసో, ఎంత నూనె వేసి కాల్చిందో మనకు తెలియదు. ముడి పదార్థాల అంకెలు తీసుకుని కూడుకోవడం నయం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికల్లో 528 పదార్థాల వివరాలున్నాయి. అందులో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు, కాబట్టి క్యాలరీల కోసం 4.184తో భాగించుకోవాలి, ఇది గమనించక బియ్యం అంకె చూసి బెదిరిపోయేవారున్నారు.

ఇలా విడివిడిగా కూడుకున్నప్పుడే కొన్ని సంగతులు బయటపడతాయి. మూడు ఇడ్లీలు కలిపి సుమారు 165 క్యాలరీలు. పక్కనున్న పల్లీ చట్నీలో మీ వంతుకు 20 గ్రాముల వేరుశనగలు, చెంచా పోపు నూనె ఉంటే అదే 150 దాటుతుంది. ఇడ్లీ తింటున్నామని ధైర్యంగా చట్నీ రెండోసారి వేయించుకున్నవారు, నిజానికి ఇంకో మూడు ఇడ్లీలు తిన్నట్టే. అలాగే 60 మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల పంచదారతో కాచిన టీ ఒకటి సుమారు 80. రోజుకు నాలుగంటే 320. పంచదార మాని అనకాపల్లి బెల్లం వేసుకున్నా రుచి మారుతుందే తప్ప లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

వారం పద్దు రాయడం

ఒక ఆదివారం రాత్రి కాగితం తీసుకుని, రాబోయే వారంలో మీరు నిజంగా ఎదురుచూసే పదార్థాలను మాత్రమే రాయండి. "నిజంగా" అన్నది ముఖ్యం. ఆఫీసులో ఎవరో తెచ్చారని తినే బిస్కెట్లు, టీవీ ముందు ఖాళీ అయ్యే కారప్పూస డబ్బా, మధ్యాహ్నం మూడింటికి అలవాటుగా వచ్చే మూడో టీ ఇష్టమైన వాటి కిందికి రావు. అవి చేతికి అందినవి. ఇష్టమైన వాటికి చోటు దొరికేది వీటిని తీసేసినప్పుడే.

పైన చెప్పిన మహిళ పద్దు ఇలా ఉండవచ్చు. ఆదివారం మధ్యాహ్నం చికెన్ బిర్యానీకి 900, బుధవారం సాయంత్రం ఇంట్లో పునుగులకు 200, శనివారం బీచ్‌లో మురీ మిక్చర్‌కు 200, ఎప్పుడైనా ఒక ముక్క మాడుగుల హల్వాకు 200. మొత్తం 1,500. కాస్త తక్కువ పంచదారతో రోజుకు రెండు టీలకు వారానికి 840. మొత్తం 10,500లోంచి ఇవి తీసివేస్తే 8,160 మిగులుతాయి. వారంలో 21 పూటలుంటే బిర్యానీ పూట పోగా 20. అంటే పూటకు సుమారు 400. అది పస్తులుండే భోజనం కాదు. 150 గ్రాముల అన్నం, గరిటెడు పప్పు, చెంచా నూనెతో చేసిన కూర, గ్లాసు మజ్జిగ అందులో ఇమిడిపోతాయి. ఇష్టమైన వాటికి కేటాయించినది వారం మొత్తంలో ఏడో వంతు మాత్రమేనని గమనించండి.

పద్దులో రాసుకున్నదాన్ని తప్పక తినాలి. బుధవారం బద్ధకించి పునుగులు మానేస్తే ఆ 200 మరునాడు ఏ బిస్కెట్ల రూపంలోనో, లెక్కకందకుండా, తిరిగి వస్తాయి.

వేపుళ్లు, బిర్యానీ, చేప, పచ్చడి

నూనెలో దేవిన పదార్థం ఎంత నూనె తాగిందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బాణలిలో పోసేముందు నూనెను కొలిచి, వేయించడం పూర్తయి చల్లారాక మళ్లీ కొలిస్తే, తగ్గినదంతా బజ్జీల్లో ఉన్నట్టే. దాన్ని బజ్జీల సంఖ్యతో భాగించి, పిండి విలువ కలపండి. ఒక్కసారి ఇలా చేసినవారికి మీ ఇంటి బజ్జీకి మీదైన అంకె దొరుకుతుంది. నూనె సరిగా కాగకముందే వేస్తే, పిండి పల్చనైతే, వంటసోడా ఎక్కువైతే బజ్జీ ఎక్కువ నూనె పీలుస్తుంది కనుక, బాగా కాగిన నూనెలో కొద్ది కొద్దిగా వేసి తీయడం రుచికీ లెక్కకీ రెండింటికీ మంచిది. మిగిలిన ఇడ్లీ పిండిని గుంట పొంగణాల పెనంలో చుక్క నూనెతో కాల్చుకోమని సలహా ఇచ్చేవారుంటారు. పొంగణాలు మంచి పదార్థమే, కానీ అవి పునుగులు కావు. పునుగుల మీద మనసున్న రోజున పొంగణాలు తిన్నవారు, తర్వాత పునుగులూ తింటారు. అసలుదాన్నే నాలుగు, వేడిగా, కూర్చుని తినడం చౌక.

సాయంత్రపు చిరుతిండ్లలో మన బీచ్ మురీ మిక్చర్ లెక్కకు అనుకూలమైనది. పొట్లంలో పాతిక గ్రాముల మరమరాలు, పది గ్రాముల వేరుశనగలు, ఉల్లి, టమాటా, నిమ్మరసం ఉంటే 160 దాకా, పైన నూనె చుక్కలు పడితే 200 దాకా వస్తుంది. అంత పరిమాణానికి అది తక్కువే, పైగా తినడానికి సమయం పడుతుంది. పక్కనే కొబ్బరి బొండం తాగినా 50, 60కి మించదు.

హోటల్ బిర్యానీకి కచ్చితమైన అంకె ఎవరూ చెప్పలేరు. 300 గ్రాముల అన్నానికి 390, చికెన్ ముక్కలకు 250, అడుగున మెరిసే నూనె, నెయ్యి మూడు పెద్ద చెంచాలైతే 360. ఫుల్ ప్లేట్ 1,000 దగ్గర తేలుతుంది. బయట తిన్నదేదైనా మీ అంచనాకు ఐదో వంతు కలిపి రాసుకోవడం మంచిది, ఎందుకంటే హోటల్ వంటవాడు మనకన్నా నూనె ధారాళంగా పోస్తాడు. పద్దులో 900 రాసుకున్నవారు ప్లేట్ రాగానే, తినడం మొదలుపెట్టకముందే, నాలుగో వంతు డబ్బాలో కట్టించుకుంటే సరిపోతుంది. తిన్నాక మిగులుద్దామనుకుంటే మిగలదు. వెంట వచ్చే శీతల పానీయాన్ని మాత్రం నేను నిర్దాక్షిణ్యంగా వదిలేయమంటాను. బిర్యానీ రుచికి అది చేర్చేది ఏమీ లేదు. పెళ్లి భోజనానికి వెళ్లేరోజు ఉదయం పస్తుండటం కూడా వద్దు. ఆకలితో కూర్చున్న మనిషికి బూరె ఎన్నోదో గుర్తుండదు.

విశాఖలో ఉన్నవారికి ఈ లెక్కలో ఒక పెద్ద వెసులుబాటు చేప. ఫిషింగ్ హార్బర్ నుంచి ఊరంతటికీ తాజాగా వచ్చే చేపల్లో కొవ్వు తక్కువున్న రకాలు, రొయ్యలు 100 గ్రాములకు 100 క్యాలరీల చుట్టూ ఉంటాయి. మాంసకృత్తులు ఎక్కువ కనుక కడుపు నిండిన భావన చాలాసేపు నిలుస్తుంది. వంజరం ముక్కను పెనం మీద రెండు చెంచాల నూనెతో వేయించుకుంటే దేవిన ముక్క తిన్నంత తృప్తి ఉంటుంది. పులుసైతే మరునాటికి పైన తేలిన నూనెను గరిటెతో తీసేయవచ్చు, పులుసు రుచి మరునాడే బాగుంటుంది కూడా. కానాగంతలు, కవళ్ల వంటి వాటిలో కొవ్వు కాస్త ఎక్కువే అయినా అది మేలైన కొవ్వు కాబట్టి వాటికి భయపడనవసరం లేదు.

ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి విషయంలో నియమం చిన్నది: మొదటి ముద్దల్లోనే రుచంతా ఉంటుంది, కనుక వాటికే ఖర్చుపెట్టాలి. ఒక చెంచా నెయ్యి, తేరిన నూనె వంచేసిన ఒక ముక్క ఆవకాయ కలిపి 90 లోపే. అదే నెయ్యిని కూరలోకి, పులుసులోకి కూడా వేసుకుంటే క్యాలరీలు మూడింతలవుతాయి, ఆనందం మాత్రం అంతే ఉంటుంది.

హల్వా వంటి మిఠాయిని గోధుమపాలు, పంచదార, నెయ్యి, జీడిపప్పు కలిపి చేస్తారు కనుక 50 గ్రాముల ముక్క 200కు తగ్గదు. కిలో డబ్బా ఫ్రిజ్‌లో పెట్టుకుని రోజుకో ముక్క తింటాననే ప్రతిజ్ఞ కన్నా, పావుకిలో తెచ్చి ఇంటిల్లిపాదీ ఒక పూటలో పంచుకోవడం నమ్మదగినది. మామిడిపండును మాత్రం అనవసరంగా దోషిని చేశారు: 100 గ్రాముల గుజ్జుకు 60 క్యాలరీలే. వేసవిలో మధ్యస్థమైన సువర్ణరేఖ పండు ఒకటి తిన్నా, అది రెండు టీలకన్నా తక్కువే. సింహాచలం ప్రసాదాన్ని తూకం వేయమని నేను చెప్పబోను. దోసిట్లో పట్టేది తిని, రాయకుండా వదిలేయండి. సంక్రాంతి మూడు రోజులూ తగ్గే ప్రయత్నమే ఆపి, రోజు ఖర్చుకు సమానంగా, ఈ ఉదాహరణలో 1,800 దాకా తింటే అరిసెలకు చోటు దొరుకుతుంది, బరువూ పెరగదు.

తూకం యంత్రం చెప్పేది

ఆదివారం బిర్యానీ తిని సోమవారం ఉదయం బరువు చూసుకుంటే కిలో పెరిగినట్టు కనిపించడం మామూలే. కిలో కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి సుమారు 7,700 క్యాలరీలు తినాలి. ఒక్క ప్లేట్‌తో అది జరగదు. ఉప్పు పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని తిండి కలిసి చూపించే బరువది, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. రోజూ ఒకే వేళకు చూసుకుని, ఏడు రోజుల సగటును మాత్రమే గత వారం సగటుతో పోల్చండి. నడుము చుట్టుకొలత కూడా నెలకోసారి రాసుకోండి: భారతీయ పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండటం మంచిది.

బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడవడం గుండెకు, నిద్రకు, మనసుకు మేలు చేస్తుంది, తప్పక నడవండి. కానీ నడకతో తిండిని కొనకండి. 60 కిలోల మనిషి గంటసేపు మామూలు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది 200 చుట్టూ ఉంటుంది, తిరుగుదారిలో టిఫిన్ బండి దగ్గర ఒక నూనె దోస దాన్ని చెరిపేస్తుంది. చేతి గడియారం చూపించిన అంకెను వారం పద్దులో కలపవద్దు.

నాలుగు వారాలైనా సగటు కదలకపోతే వెంటనే బజ్జీని కొట్టేయకండి. మొదట నెల నూనె ఖర్చును, తర్వాత అన్నం గరిటెను, తర్వాత టీల సంఖ్యను తిరిగి చూసుకోండి. తేడా ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. అవన్నీ సరిగానే ఉంటే రోజుకు ఇంకో 100 తగ్గించి మరో మూడు వారాలు చూడండి. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చూ తగ్గుతుంది కాబట్టి ప్రతి ఐదు కిలోలకు సూత్రాన్ని మళ్లీ వేసుకోవాలి. రెండు మూడు నెలలకు మీ గరిటె, మీ చెంచా, మీ బజ్జీ విలువలు కంఠస్థమవుతాయి. అప్పటినుంచి రోజూ రాయడం ఆపేసి, నెలకు ఒక వారం మాత్రం పూర్తిగా రాసి చూసుకుంటే చాలు. ఆ వారం నెలలో నూనె డబ్బా కొత్తగా తెరిచే వారమైతే రెండు తనిఖీలూ ఒకేసారి అయిపోతాయి.